"క్వైట్ గుడ్" అంటే మెచ్చుకున్నట్టా, సరిపెట్టుకున్నట్టా?

పల్ప్‌ఆఫీస్_చిత్తూరు:

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ మెయిల్స్ చూసే పని నాది. తోతాపురి సీజన్ అయిపోయింది, డ్రమ్ములన్నీ గోడౌన్‌లో ఉన్నాయి, ఇప్పుడు శాంపిల్స్ పంపడం, రేట్లు మాట్లాడుకోవడం నడుస్తోంది. ఇంగ్లండ్‌లో ఒక కొత్త పార్టీకి శాంపిల్ పంపితే నిన్న జవాబొచ్చింది. అందులో అసలు విషయం మూడు వాక్యాలే, ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో పెడుతున్నా.

"ద శాంపిల్ ఈజ్ క్వైట్ గుడ్. ద కలర్ ఈజ్ నాట్ క్వైట్ వాట్ వుయ్ హాడ్ ఇన్ మైండ్. ద ఫ్లేవర్, హవెవర్, ఈజ్ క్వైట్ ఎక్సెప్షనల్."

మా ఓనరు గారు చదివి చాలా సంతోషపడ్డారు. "శానా బాగుంది అంటున్నాడు, రేటు తగ్గించే పనే లేదు, అదే రేటుకి కొటేషన్ పంపించేయ్" అన్నారు. మా క్వాలిటీ మేడమ్ మాత్రం రెండో వాక్యం దగ్గరే ఆగిపోయారు, కలర్ నచ్చలేదంటున్నారు కదా, ముందు అది తేల్చుకోవాలి అని ఆమె పట్టు. నా అనుమానం మొదటి వాక్యం మీదే. డిక్షనరీ తీస్తే క్వైట్‌కి ఒక చోట "పూర్తిగా" అని ఉంది, దాని కిందే "కొంతవరకు, ఒక మాదిరిగా" అని ఉంది. పూర్తిగా, ఒక మాదిరిగా, ఈ రెండూ ఒకే మాటకి అర్థాలు ఎలా అవుతాయండీ? ఈ మూడు వాక్యాల్లో ఎక్కడ ఏది పట్టుకోవాలి? కొటేషన్ రేపటిలోగా వెళ్ళాలి. ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్ళు, ముఖ్యంగా అక్కడివాళ్ళతో రోజూ పని చేసేవాళ్ళు ఎవరైనా చెబితే మేలు.


బైరెడ్డిపల్లె_కుర్రాడు:

క్వైట్ అంటే వెరీ అనే అన్నా. స్కూల్ నుంచీ అదే విన్నాం, ఆఫీసులో కూడా అందరూ అదే అర్థంలో వాడతారు. క్వైట్ గుడ్ అంటే చాలా బాగుంది. మీ ఓనరు గారు చెప్పింది కరెక్టే.


క్రాయిడన్_నుంచి:

దయచేసి ఆ మాట నమ్మి కొటేషన్ పంపకండి. మాది పలమనేరు, చాలా ఏళ్ళుగా లండన్ పక్కనే ఉంటున్నా, ఇక్కడివాళ్ళ నోట ఈ మాట రోజూ వింటా. బ్రిటిష్ మనిషి "క్వైట్ గుడ్" అని రాశాడంటే మన భాషలో అది "బాగానే ఉంది". "బాగుంది" కాదు, "బాగానే ఉంది". ఆ రెంటికీ తేడా మనందరికీ తెలిసిందే కదా. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చినవాళ్ళని "అబ్బాయి ఎలా ఉన్నాడు" అని అడిగితే "బాగున్నాడు" అన్నారంటే సంబంధం ముందుకు పోతుంది, "బాగానే ఉన్నాడు" అన్నారంటే ఇంకేదో మాట వెనక వస్తుందని ఎదురుచూస్తాం. మీ మెయిల్లో ఆ వెనక మాట వచ్చేసింది కూడా, అదే కలర్ సంగతి. ఇక్కడివాళ్ళు లోపం చెప్పాలనుకుంటే ముందు ఒక క్వైట్ గుడ్ పడేసి తర్వాత అసలు విషయానికొస్తారు. మీ క్వాలిటీ మేడమ్ సరిగ్గా పట్టుకున్నారు.

ఇంకోటి, ఆ పార్టీ మనుషులు నిజంగా బ్రిటిష్‌వాళ్ళేనా? ఆఫీసు ఇంగ్లండ్‌లో ఉండి, మెయిల్ రాసినాయన అమెరికన్ అయితే లెక్క మారుతుంది.


ఇంగ్లిష్‌టీచర్_పుత్తూరు:

ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది, కొంచెం వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదవండి. పిల్లలకి మనం దీన్ని "క్వైట్ అంటే చాలా" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాం, తర్వాత వాళ్ళు ఉద్యోగాల్లో ఇలాంటి మెయిల్ ముందు కూర్చుని ఇబ్బంది పడతారు.

క్వైట్‌కి సొంతంగా ఒక కొలత లేదు. దాని పక్కన కూర్చున్న మాటని బట్టి దాని బలం మారుతుంది. పక్కన ఉన్న మాట ఎక్కువ తక్కువలకు లొంగేదైతే, అంటే కొంచెం మంచి, బాగా మంచి, ఇంకా మంచి అనగలిగినదైతే, బ్రిటిష్ వాడుకలో క్వైట్ అంటే ఒక మోస్తరుగా అని. గుడ్, బిగ్, టైర్డ్, కోల్డ్, క్లీన్ లాంటివి. పక్కనున్న మాట ఇక మెట్లు లేనిదైతే, అంటే ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలే ఉండదు అనే రకం అయితే, అక్కడ క్వైట్ అంటే పూర్తిగా, ముమ్మాటికీ అని. ఇంపాజిబుల్, ఎంప్టీ, సర్టన్, రైట్, రాంగ్, ఎక్సెప్షనల్, ఎగ్జాస్టెడ్ లాంటివి ఇందులోకి వస్తాయి. ఏది ఏ రకమో తెలియాలంటే ముందు వెరీ పెట్టి చూడండి. వెరీ గుడ్ అంటాం, వెరీ టైర్డ్ అంటాం. వెరీ ఇంపాజిబుల్ అనం, వెరీ ఎగ్జాస్టెడ్ అని కూడా మామూలుగా అనరు. వెరీ అతకని చోట క్వైట్‌కి పూర్తి బలం వస్తుంది. నూటికి నూరుపాళ్ళు పని చేసే సూత్రమని చెప్పను గానీ చాలాచోట్ల దారి చూపిస్తుంది.

మన ఊరి ఉదాహరణతో చెబుతా. అలిపిరి నుంచి కొండెక్కుతున్నారు, మొత్తం 3550 మెట్లు. మొదట్లోనే ఏటవాలు ఎక్కువ, గాలిగోపురం చేరేసరికి కాళ్ళు లాగుతుంటాయి, అక్కడ కూర్చుని ఎవరైనా "అయామ్ క్వైట్ టైర్డ్" అన్నారనుకోండి, అలిసిపోయాను గానీ కాసేపు కూర్చుని, ఒక మజ్జిగ ప్యాకెట్ తాగితే మళ్ళీ లేస్తాను అని అర్థం. అదే మనిషి మోకాళ్ళ పర్వతం దగ్గర, రెండు చేతులూ మెట్టు మీద ఆనించి, "అయామ్ క్వైట్ ఎగ్జాస్టెడ్" అన్నారంటే ఇక ఒంట్లో ఏమీ మిగల్లేదని. మాట అదే క్వైట్. టైర్డ్ పక్కన ఉన్నప్పుడు తగ్గించింది, ఎగ్జాస్టెడ్ పక్కన ఉన్నప్పుడు గట్టిపరిచింది.

ఇప్పుడు మీ మెయిల్‌కి వద్దాం. క్వైట్ గుడ్: గుడ్ మెట్లున్న మాట, కాబట్టి బాగానే ఉంది. క్వైట్ ఎక్సెప్షనల్: ఎక్సెప్షనల్ అంటేనే మామూలు వాటిలో చేరనిది, కాబట్టి రుచి, వాసన నిజంగా అరుదుగా దొరికే రకం అంటున్నారు, ఇది మనస్ఫూర్తిగా ఇచ్చిన మెచ్చుకోలు. ఇక నాట్ క్వైట్, దీని గురించి విడిగా చెప్పాలి. నాట్ వచ్చి చేరితే క్వైట్‌కి ఎప్పుడూ పూర్తిగా అనే అర్థమే. నాట్ క్వైట్ రెడీ అంటే దాదాపు అయింది, ఇంకా కాస్త మిగిలింది. నాట్ క్వైట్ వాట్ వుయ్ హాడ్ ఇన్ మైండ్ అంటే మేం అనుకున్న దగ్గరికి వచ్చింది గానీ అక్కడికి చేరలేదు అని మాటవరస. అయితే మర్యాద కోసం కూడా ఇలా అంటారు. "ఐ డోంట్ క్వైట్ అండర్‌స్టాండ్" అని బ్రిటిష్‌వాళ్ళు అన్నారంటే చాలాసార్లు అసలు అర్థం కాలేదనే. కాబట్టి కలర్ విషయంలో తేడా చిన్నదా పెద్దదా అన్నది ఆ వాక్యం చూసి తేల్చలేం, వాళ్ళనే అడగాలి.

క్రియల ముందు కూడా ఇదే పద్ధతి. "ఐ క్వైట్ లైక్ ఇట్" అంటే నచ్చింది, పర్లేదు. "ఐ క్వైట్ అగ్రీ" అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నా, ఎందుకంటే ఒప్పుకోవడంలో సగం సగం ఉండదు.

సూత్రానికి లొంగనిది ఒకటి గుర్తుపెట్టుకోండి. డిఫరెంట్‌కి వెరీ అతుకుతుంది, అయినా "క్వైట్ డిఫరెంట్" అంటే ఎక్కువసార్లు పూర్తిగా వేరు అనే. రేపు ఆ పార్టీ "యువర్ ప్రైస్ ఈజ్ క్వైట్ డిఫరెంట్ ఫ్రమ్ అవర్ టార్గెట్" అని రాస్తే ఏదో కొంచెం తేడా ఉంది అనుకోకండి, చాలా దూరంలో ఉన్నారని.


ఫ్రంట్‌డెస్క్_తిరుపతి:

టీచర్ గారు చెప్పింది నాకు రోజూ కనబడేదే. తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక హోటల్లో రిసెప్షన్‌లో ఉంటా, ఆన్‌లైన్ రివ్యూలకు జవాబులు రాసేది కూడా నేనే. "రూమ్ వాజ్ క్వైట్ క్లీన్" అని బ్రిటన్ నుంచి వచ్చినాయన రాస్తే పైన మూడు నక్షత్రాలే ఉంటాయి. అదే మాట అమెరికా నుంచి వచ్చిన మనవాళ్ళు రాస్తే ఐదు ఉంటాయి. మొదట్లో మా మేనేజర్‌కి ఇది అర్థమయ్యేది కాదు, మెచ్చుకుని మార్కులు ఎందుకు తగ్గించారని అడిగేవారు. ఇప్పుడు బ్రిటన్ రివ్యూలో క్వైట్ కనబడితే హౌస్‌కీపింగ్‌లో ఏం తక్కువైందో నేనే ముందు కనుక్కుంటున్నా. ఎక్కువసార్లు బాత్‌రూమ్ మూలల్లో నీళ్ళ మరకలో, దిండు గలీబు మీద మచ్చో ఏదో ఒకటి బయటపడుతుంది.


న్యూజెర్సీ_శ్రీకాళహస్తి:

అమెరికా వైపు నుంచి నేను చెబుతా. ఇక్కడ క్వైట్ అంటే బలం పెంచే మాటే. మా టీమ్ లీడ్ నా పని చూసి "దిసీజ్ క్వైట్ గుడ్" అందంటే నిజంగా బాగా చేశానని, ఆ రోజు నేను హాయిగా ఇంటికి వెళ్ళొచ్చు. ఒక మోస్తరుగా అని చెప్పాలంటే ఇక్కడ "ప్రెటీ గుడ్" ఎక్కువ వింటాం, దాని బలం కూడా గొంతుని బట్టి మారుతుంది. మా ఆఫీసులోనే లండన్ టీమ్‌తో కాల్స్ ఉంటాయి, వాళ్ళు "క్వైట్ ఇంట్రెస్టింగ్" అంటే మావాళ్ళు ఉత్సాహంగా ఆ పని మొదలుపెట్టేస్తారు, వాళ్ళేమో పట్టించుకోనవసరం లేదన్న ఉద్దేశంతో అని ఉంటారు. అందుకే క్రాయిడన్ అన్న అడిగిన ప్రశ్న చాలా ముఖ్యం, రాసింది ఎవరో చూడండి. బైరెడ్డిపల్లె తమ్ముడు చెప్పింది కూడా గాల్లోంచి వచ్చింది కాదు, మన దగ్గర చాలామంది అమెరికన్ పద్ధతిలోనే వాడుతున్నారు, పుస్తకాల్లో మాత్రం బ్రిటిష్ గ్రామర్ చదువుతారు.


పల్ప్‌ఆఫీస్_చిత్తూరు:

అందరికీ చాలా థాంక్స్. మెయిల్ రాసినాయన బ్రిటిష్ మనిషే, ఫోన్లో ఒకసారి మాట్లాడాను, స్పెల్లింగ్ కూడా కలర్‌లో యు ఉన్న స్పెల్లింగే. టీచర్ గారూ, ఒక సందేహం. ఫోన్లో మాట్లాడినప్పుడు కూడా ఆయన క్వైట్ గుడ్ అన్నారు, అప్పుడు గొంతులో సంతోషం ఉన్నట్టే అనిపించింది. గొంతుని బట్టి అర్థం మారుతుందా?


ఇంగ్లిష్‌టీచర్_పుత్తూరు:

మారుతుంది, బాగా మారుతుంది. ఒత్తు ఎక్కడ పడిందో గుర్తు తెచ్చుకోండి. క్వైట్ మీద ఒత్తి, గుడ్‌ని తేలిగ్గా వదిలితే వెనక ఒక "కానీ" ఉందని. క్వైట్‌ని తేలిగ్గా అని గుడ్ మీద ఒత్తితే మెచ్చుకోలే, అనుకున్నదానికంటే బాగుంది అనే భావం కూడా ఉండొచ్చు. మన "బాగానే ఉంది"లో కూడా ఇది ఉంది చూడండి. "బాగానే" దగ్గర సాగదీస్తే ఒకటి, "అబ్బో, బాగానే ఉందే!" అని తల ఊపుతూ అంటే ఇంకొకటి. క్రాయిడన్ ఆయన ఆ పోలిక తెచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, నిఘంటువులో ఇచ్చే "ఒక మాదిరిగా" కంటే మన "ఏ" అనే ఒక్క అక్షరం ఈ పనిని ఎంతో దగ్గరగా చేస్తుంది.

ఆ "ఏ" ఇంకోచోట కూడా అక్కరకొస్తుంది. క్వైట్ ఎ ఫ్యూ. ఇందులో ఫ్యూ ఉంది కదా అని కొద్దిమంది అనుకునేరు. "క్వైట్ ఎ ఫ్యూ బయ్యర్స్" అంటే "చాలామందే" కొనేవాళ్ళున్నారని. ఎ ఫ్యూ ఒక్కటే ఉంటే కొందరు, ముందు క్వైట్ చేరితే చాలామందే. క్వైట్ ఎ లాట్, క్వైట్ ఎ బిట్ అన్నా ఎక్కువే అని. విశేషణం లేకుండా నేరుగా నామవాచకం వస్తే, "చంద్రగిరి ఈజ్ క్వైట్ ఎ ఫోర్ట్" అన్నారనుకోండి, అది మామూలు కోట కాదు, చూడాల్సిన కోట అని. ఇక్కడ బ్రిటిష్‌వాళ్ళు కూడా నిండు మనసుతోనే అంటారు. "ఎ" అనే ఆర్టికల్ కూడా క్వైట్ తర్వాతే రావాలి, క్వైట్ ఎ గుడ్ శాంపిల్ అనాలి, ఎ క్వైట్ గుడ్ శాంపిల్ అని రాస్తే చదివేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఒకే మాటకి రెండు అర్థాలు ఎలా అని మీరు మొదట్లో అడిగారు, దానికి జవాబు దీని పుట్టుకలో ఉంది. క్వైట్, క్విట్, క్వయెట్ మూడూ ఒకే లాటిన్ మూలం నుంచి వచ్చాయి, ఆ మూలానికి విశ్రాంతిగా, నెమ్మదిగా ఉన్న అని అర్థం. అది ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పటికి బాకీ, బాధ్యత ఏదీ లేకుండా విడుదలైన అనే అర్థం తెచ్చుకుంది. బాకీ మొత్తం తీరింది, ఇంకేమీ మిగల్లేదు, అక్కడ్నుంచి "పూర్తిగా". అదే మొదటి అర్థం, శతాబ్దాల పాటు అదే నడిచింది. "ఒక మోస్తరుగా" అనేది 19వ శతాబ్దంలో వచ్చి చేరింది. పాతది పోలేదు, కొత్తది స్థిరపడింది, రెండూ పక్కపక్కనే మిగిలాయి.


డిగ్రీ_బాలాజీకాలనీ:

మేడమ్, మధ్యలో అడుగుతున్నా. క్వైట్ బెటర్ అనొచ్చా? దిస్ శాంపిల్ ఈజ్ క్వైట్ బెటర్ దాన్ ద ఓల్డ్ వన్ అని మా ఫ్రెండ్ రాశాడు.


ఇంగ్లిష్‌టీచర్_పుత్తూరు:

అనకూడదు. పోల్చేటప్పుడు క్వైట్ రాదు, మచ్ బెటర్ గానీ, ఎ బిట్ బెటర్ గానీ, రాదర్ బెటర్ గానీ అనాలి. జబ్బు తగ్గి కోలుకున్నారని చెప్పేటప్పుడు మాత్రం క్వైట్ బెటర్ అంటారు, అక్కడ బెటర్ అంటే పూర్తిగా నయమైంది అని.


గుజ్జు_క్వాలిటీ:

నేను కూడా ఈ లైన్లోనే ఉన్నా కాబట్టి భాష వదిలి పని సంగతి చెబుతా. క్వైట్ అర్థం ఎంత తెలుసుకున్నా కలర్ విషయం మాటలతో తేలదు. తోతాపురి గుజ్జు ఎలాగూ అల్ఫాన్సో అంత ముదురు రంగు రాదు, పండు సరిగ్గా మాగకముందే వేసినా పాలిపోతుంది, వేడి ఎక్కువసేపు తగిలితే గోధుమ రంగుకి తిరుగుతుంది. మీ పార్టీ మనసులో అల్ఫాన్సో రంగు పెట్టుకుని తోతాపురి అడుగుతుంటే ఎన్ని శాంపిల్స్ పంపినా నాట్ క్వైట్ అనే రాస్తారు. గుజ్జులో తీపిని కొలిచే బ్రిక్స్ 14 కి తగ్గకూడదని ఎలా అంకెల్లో రాసుకుంటామో కలర్ కూడా అలాగే అంకెల్లో అడగండి. కలర్ మీటర్ మీద ఎల్, ఎ, బి అని మూడు విలువలు వస్తాయి కదా, అవి ఎంతలో ఉండాలో చెప్పమనండి. అది లేదంటే వాళ్ళకు నచ్చిన గుజ్జు కొంచెం రిఫరెన్స్‌గా పంపమనండి. ఫొటో చూసి మాత్రం ఒప్పుకోవద్దు, ఒక్కో ఫోన్లో ఒక్కో రంగు కనబడుతుంది. రంగు కోసం అల్ఫాన్సో కలపాల్సి వస్తే ఖర్చు మారుతుంది, కాబట్టి అది తేలకుండా రేటు చెప్పడమే తప్పు.


పల్ప్‌ఆఫీస్_చిత్తూరు:

ఇది నాకు చాలా పనికొచ్చిన మాట సార్. పొద్దున మీరందరూ రాసినవి ప్రింట్ తీసి ఓనరు గారికి చూపించాను. "బాగానే ఉంది" అన్న పోలిక చదవగానే ఆయనకి వెంటనే అర్థమైపోయింది, ముందు కలర్ సంగతి తేల్చి ఆ తర్వాతే రేటు పంపుదాం అన్నారు. ఫ్లేవర్ ఎక్సెప్షనల్ అన్నారు కాబట్టి రేటు మాట్లాడేటప్పుడు దాని మీద గట్టిగా నిలబడదాం అని కూడా అన్నారు, అది సబబే అనుకుంటున్నా. కొటేషన్ బదులు ఒక మెయిల్ రాశాను, పంపే ముందు ఒకసారి చూడండి.

"థాంక్యూ ఫర్ యువర్ ఫీడ్‌బ్యాక్, ఇట్ వాజ్ క్వైట్ హెల్ప్‌ఫుల్. వుయ్ ఆర్ గ్లాడ్ దట్ యు లైక్డ్ ద ఫ్లేవర్. కుడ్ యు ప్లీజ్ షేర్ యువర్ టార్గెట్ కలర్ వాల్యూస్, ఆర్ సెండ్ అజ్ ఎ రిఫరెన్స్ శాంపిల్? వుయ్ విల్ సెండ్ అవర్ ప్రైస్ ఆఫ్టర్ దట్."


క్రాయిడన్_నుంచి:

మెయిల్ చక్కగా ఉంది, మొదటి వాక్యం ఒక్కటి మార్చండి. క్వైట్ హెల్ప్‌ఫుల్ అని బ్రిటిష్ మనిషికి రాస్తే "మీరు చెప్పింది ఏదో కొంచెం పనికొచ్చింది" అన్నట్టు ఉంటుంది, చదివినాయన మనసు చివుక్కుమంటుంది. వెరీ హెల్ప్‌ఫుల్ అనండి. ఆయనకు థాంక్స్ చెప్పేటప్పుడు, వాళ్ళ పనిని మెచ్చుకునేటప్పుడు క్వైట్ జోలికే వెళ్ళకండి, వెరీ గానీ రియల్లీ గానీ వాడితే ఏ దేశంవాళ్ళకైనా ఒకేలా చేరుతుంది. మనకి వచ్చిన మెయిల్లో క్వైట్ ఉంటే అర్థం చేసుకోవాలి, మనం రాసేదాంట్లో అది లేకపోయినా ఏ పనీ ఆగదు.


ఇంగ్లిష్‌టీచర్_పుత్తూరు:

క్రాయిడన్ ఆయన సలహాతో నేను ఏకీభవిస్తున్నా. ఒకచోట మాత్రం మినహాయింపు పెట్టుకోవచ్చు, ఏదైనా కుదరదని గట్టిగా చెప్పాల్సి వస్తే. "ఎట్ దట్ ప్రైస్ ఇట్ ఈజ్ క్వైట్ ఇంపాజిబుల్" అని రాస్తే బ్రిటిష్‌వాళ్ళకీ అమెరికన్లకీ ఒకే అర్థం, ఆ రేటుకి ససేమిరా కుదరదని. అవసరమొస్తే వాడండి.

ఇంకొకటి, స్పెల్లింగ్. శబ్దం లేని క్వయెట్‌లో చివర ఇ, టి. మన క్వైట్‌లో టి, ఇ. పలికేటప్పుడు క్వైట్ ఒకే ఊపులో అయిపోతుంది, క్వయెట్ రెండుగా విరుగుతుంది. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ కింద ఎర్రగీత రాకపోవచ్చు, మీరే కళ్ళతో చూసుకోవాలి.


పల్ప్‌ఆఫీస్_చిత్తూరు:

వెరీ హెల్ప్‌ఫుల్ అని మార్చి ఇప్పుడే పంపించాను మేడమ్, అన్నా. ఎల్, ఎ, బి విలువలు మన శాంపిల్‌వి కూడా జత చేయమని మా క్వాలిటీ మేడమ్ అన్నారు, అవి కూడా పెట్టాం. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను, అందులో మళ్ళీ క్వైట్ ఉంటే మిమ్మల్నే అడుగుతా.